భిన్న ప్రమాణాల కొలతలను ఒకే రేఖాచిత్రంలో చూపడం: వ్యవసాయ విస్తరణ డ్యాష్‌బోర్డుల రూపకల్పనపై ఒక పరిశీలన

సారాంశం

వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, పురుగుల సంఖ్య వంటి వేర్వేరు ప్రమాణాలు గల కొలతలను డ్యాష్‌బోర్డులో ఒకే రేఖాచిత్రంగా చూపే పద్ధతి వ్యవసాయ విస్తరణ రంగంలో విస్తృతంగా వాడుకలో ఉన్నది. ఇందుకు అనుసరించే మార్గాలు ప్రధానంగా నాలుగు: అన్నింటినీ ఒకే అక్షంపై గీయడం, రెండు నిలువు అక్షాలు వాడడం, విలువలను ప్రమాణరహితంగా మార్చడం, ఒకే కాలాక్షం కింద వేర్వేరు ఫలకాలుగా పేర్చడం. పత్తిలో గులాబీ రంగు పురుగు నిఘాను ఉదాహరణగా తీసుకొని ఈ నాలుగు మార్గాల గుణదోషాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రెండు కొలతల మధ్య స్థిరమైన, అర్థవంతమైన మార్పిడి సూత్రం ఉన్నప్పుడే వాటిని ఒకే చట్రంలో రెండు అక్షాలపై చూపవచ్చుననీ, తక్కిన సందర్భాలలో ఫలకాల పద్ధతి గానీ, నిర్ణయ పరిమితితో నిష్పత్తి గానీ మేలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డ్యాష్‌బోర్డు, రెండు అక్షాల రేఖాచిత్రం, ప్రమాణీకరణ, ఆర్థిక నష్ట పరిమితి, గులాబీ రంగు పురుగు, వ్యవసాయ వాతావరణ సలహా

1. పరిచయం

విస్తరణ శాస్త్రవేత్త ముందుకు నేడు సమాచారం అనేక దిక్కుల నుంచి వస్తున్నది. వాతావరణ కేంద్రం నుంచి వర్షపాతం మిల్లీమీటర్లలోను, ఉష్ణోగ్రత సెల్సియస్ డిగ్రీలలోను, గాలిలో తేమ శాతంలోను అందుతాయి. లింగాకర్షక బుట్టల లెక్క బుట్టకు రోజుకు ఇన్ని రెక్కల పురుగులని వస్తుంది. భూసార పరీక్ష ఫలితాలలో నత్రజని హెక్టారుకు కిలోలలోను, సేంద్రియ కర్బనం శాతంలోను, జింకు పి.పి.ఎం. లోను ఉంటాయి. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాలలో వెలువడే సలహా పత్రాన్ని సిద్ధం చేసేవారు వీటన్నింటినీ తక్కువ వ్యవధిలో కలిపి చూడవలసి ఉంటుంది. అందుకే అన్నింటినీ ఒకే బొమ్మలో చూపాలన్న కోరిక సహజమైనదే.

అయితే ఒక కొలతకు అక్షంపై ఎంత పరిధి ఇవ్వాలన్నది కేవలం అలంకరణకు సంబంధించిన విషయం కాదు. ఆ పరిధిని బట్టి ఒక గీత నిటారుగా లేచినట్టు కనిపించవచ్చు, లేదా నేలబారుగా పడి ఉన్నట్టు కనిపించవచ్చు. చూసేవారు ఆ వాలును బట్టే పురుగు ఉద్ధృతిని అంచనా వేసి, మందు కొట్టమని గానీ వద్దని గానీ సలహా ఇస్తారు. అక్కరలేని పిచికారీ రైతుకు ఖర్చు, మిత్రపురుగులకు నష్టం. అవసరమైన పిచికారీ ఆలస్యమైతే పంటే నష్టం. కాబట్టి అక్షం ఎంపిక కూడా సలహాలో భాగమేనని గుర్తించాలి.

ఈ వ్యాసంలో పట్టిక 1 లోని అంకెలను ఉదాహరణగా వాడుతున్నాము. ఇవి బోధన కోసం కూర్చిన ఊహాత్మక అంకెలు; ఏ కేంద్రంలోనూ నమోదైనవి కావు. వారాలు మాత్రం ప్రామాణిక వాతావరణ వారాలు. 40వ వారం అక్టోబరు 1న మొదలై 7న ముగుస్తుంది. 45వ వారం నవంబరు 5 నుంచి 11 వరకు.

పట్టిక 1. పత్తి పంటలో ఆరు వారాల ఊహాత్మక దత్తాంశం

| వారం | వర్షపాతం, మి.మీ. (మొత్తం) | కనిష్ఠ ఉష్ణోగ్రత, డిగ్రీలు (సగటు) | ఉదయపు తేమ, శాతం (సగటు) | రెక్కల పురుగులు, బుట్టకు రోజుకు (సగటు) |
|---|---|---|---|---|
| 40 | 62 | 22.5 | 88 | 2 |
| 41 | 18 | 22.0 | 86 | 3 |
| 42 | 0 | 20.5 | 82 | 5 |
| 43 | 0 | 19.0 | 80 | 7 |
| 44 | 4 | 18.0 | 81 | 9 |
| 45 | 0 | 16.5 | 78 | 12 |

2. గీయడానికి ముందు: కొలతల స్వభావం

ప్రతి కొలత విషయంలో మూడు సంగతులు ముందుగా తేల్చుకోవాలి.

మొదటిది, సున్నాకు గల అర్థం. వర్షపాతం 0 అంటే వాన లేదని అర్థం, 40 మి.మీ. అంటే 20 మి.మీ.కు రెట్టింపు. సెల్సియస్ కొలమానంలో 0 అంటే వేడిమి లేదని కాదు. 20 డిగ్రీలు 10 డిగ్రీలకు రెట్టింపు వేడి అనడం పొరపాటు. అందువల్ల వర్షపాతాన్ని సున్నా నుంచి లేచే కమ్మీలుగా గీయడం తగినది. ఉష్ణోగ్రతను గీతగా గీయాలి, దాని అక్షం సున్నా దగ్గర మొదలు కానక్కరలేదు.

రెండవది, వారపు విలువను రాబట్టే తీరు. వర్షపాతాన్ని కూడాలి, ఉష్ణోగ్రతకు, తేమకు సగటు తీయాలి, పురుగుల సంఖ్యను బుట్టల సంఖ్యతోను, రోజుల సంఖ్యతోను భాగించాలి. ఒక డ్యాష్‌బోర్డు అన్ని వరుసలకూ ఒకే సూత్రాన్ని వర్తింపజేస్తే వర్షపాతం సగటుగా మారి, కుండపోతగా కురిసిన రోజు కనిపించకుండా పోతుంది.

మూడవది, కాలం పొంతన. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఒక తేదీన నమోదయ్యే వర్షపాతం ఆ రోజు ఉదయం 8.30 గంటలకు ముందు గడిచిన 24 గంటలకు చెందినది. బుట్టలో ఉదయం లెక్కించిన పురుగులు గత రాత్రి పడినవి. ఒకదానిని నమోదైన తేదీకి, మరొకదానిని సంభవించిన తేదీకి రాస్తే రెండు వరుసల మధ్య ఒక రోజు తేడా వస్తుంది. వాన పడిన రాత్రి పురుగులు తక్కువగా పడ్డాయా అన్న ప్రశ్నకు అప్పుడు సరైన జవాబు దొరకదు.

3. ఒకే అక్షంపై అన్ని కొలతలు

పట్టిక 1 లోని నాలుగు వరుసలను 0 నుంచి 100 వరకు గల ఒకే నిలువు అక్షంపై, 10 సెంటీమీటర్ల ఎత్తు గల చట్రంలో గీశామనుకుందాం. ఒక్కొక్క ప్రమాణానికి దక్కే ఎత్తు 1 మిల్లీమీటరు. తేమ గీత పైభాగంలో నిలిచి చూపును ఆకర్షిస్తుంది. పురుగుల గీత అడుగున 2 మిల్లీమీటర్ల నుంచి 12 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఆరు వారాలలో పురుగు ఆరింతలైనా ఆ పెరుగుదల కంటికి ఆనదు. 43వ వారానికీ 44వ వారానికీ మధ్య సగటు 7 నుంచి 9కి పెరగడం కేవలం 2 మిల్లీమీటర్ల ఎత్తు.

గులాబీ రంగు పురుగుకు సిఫారసులో ఉన్న ఆర్థిక నష్ట పరిమితి బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు. అంటే రైతు తీసుకోవలసిన ముఖ్య నిర్ణయం సరిగ్గా ఆ 2 మిల్లీమీటర్ల లోపలే దాగి ఉన్నది. పెద్ద అంకెలు గల కొలత ముఖ్యమైనదిగా, చిన్న అంకెలు గల కొలత అప్రధానంగా కనిపించడం ఈ పద్ధతిలోని మౌలిక దోషం.

ఇది కొత్త సమస్య కాదు. కాలక్రమ రేఖాచిత్రాలకు ఆద్యుడైన విలియం ప్లేఫెయిర్ 1821లో ఇంగ్లండు వ్యవసాయ సంక్షోభంపై రాస్తూ, 1565 నుంచి 1821 వరకు గోధుమ ధరలను, కూలి రేట్లను ఒకే చిత్రంలో చూపాడు. ఒక క్వార్టర్ గోధుమల ధర కమ్మీలుగాను, నిపుణుడైన పనివాని వారపు కూలి గీతగాను ఉంటాయి. రెండూ షిల్లింగులలోనే ఉన్నా, ఒకటి ధాన్యపు కొలతకు, మరొకటి వారానికి చెందినవి. ధర కమ్మీలు ఎగసిపడుతుంటే కూలి గీత అడుగున మెల్లగా సాగుతుంది. కూలితో పోల్చితే గోధుమలు మునుపెన్నడూ ఇంత చౌకగా లేవన్నది ప్లేఫెయిర్ చెప్పదలచిన విషయం. ఆ చిత్రంలో దానిని గ్రహించాలంటే పాఠకుడు ప్రతి కాలానికీ ధరను కూలితో మనసులోనే భాగించుకోవాలి. ఒక క్వార్టర్ గోధుమలకు ఎన్ని వారాల కూలి అవసరమో నేరుగా ఒకే గీతగా గీసి ఉంటే ఆ మాట ఒక్క చూపులో తెలిసేది. నిష్పత్తి గురించి చెప్పదలచినప్పుడు నిష్పత్తినే గీయాలన్నది ఇందులోని పాఠం. ఎరువు ధరను ధాన్యం ధరతో పోల్చే మన రేఖాచిత్రాలకు కూడా ఇది వర్తిస్తుంది.

4. రెండు అక్షాలు: ఖండన బిందువు కలిగించే భ్రమ

చిన్న అంకెల వరుసను పైకి తేవడానికి చాలామంది కుడివైపున రెండవ అక్షాన్ని చేరుస్తారు. ఎక్సెల్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో ఇది సులభం. రెండవ అక్షం పరిధిని కూడా సాఫ్ట్‌వేరే తనంతట తాను నిర్ణయిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పట్టిక 1 లోని కనిష్ఠ ఉష్ణోగ్రతను ఎడమ అక్షంపై, పురుగుల సంఖ్యను కుడి అక్షంపై మూడు విధాలుగా గీసి చూద్దాం.

మొదటి చిత్రంలో ఉష్ణోగ్రత అక్షం 0 నుంచి 40, పురుగుల అక్షం 0 నుంచి 12. రెండు గీతలు 42, 43 వారాల మధ్య ఖండించుకుంటాయి.

రెండవ చిత్రంలో ఉష్ణోగ్రత అక్షం 16 నుంచి 23, పురుగుల అక్షం 0 నుంచి 40. గీతలు 44, 45 వారాల మధ్య ఖండించుకుంటాయి.

మూడవ చిత్రంలో రెండు అక్షాలూ 0 నుంచి 40. గీతలు అసలు ఖండించుకోవు.

మూడింటిలోనూ దత్తాంశం ఒక్కటే. మారినవి అక్షాల పరిధులు మాత్రమే. అయినా మొదటి చిత్రాన్ని చూసినవారు అక్టోబరు మూడవ వారం దాటగానే పరిస్థితి తిరగబడిందనీ, రెండవదాన్ని చూసినవారు నవంబరులో తిరగబడిందనీ, మూడవదాన్ని చూసినవారు ఏమీ జరగలేదనీ చెప్పే అవకాశం ఉన్నది. డిగ్రీలకూ పురుగుల సంఖ్యకూ మధ్య సమానత అన్నదే లేనప్పుడు, ఒకటి మరొకదాన్ని దాటిందన్న మాటకు అర్థం లేదు.

రెండు గీతలు పక్కపక్కన ఉంటే మనసు వాటి మధ్య కార్యకారణ సంబంధాన్ని కూడా ఊహిస్తుంది. ఈ ఆరు వారాల కనిష్ఠ ఉష్ణోగ్రతకూ పురుగుల సంఖ్యకూ సహసంబంధ గుణకం −0.996. అక్షాలను ఎలా మార్చినా ఈ గుణకం మారదు, కనుక ఇది బొమ్మ కంటే నమ్మదగినదిగా కనిపిస్తుంది. కాని అక్టోబరు, నవంబరు మాసాలలో రాత్రి ఉష్ణోగ్రత ఏటా తగ్గుతుంది. అదే కాలంలో పత్తిలో కాయలు పెరిగి పురుగుకు ఆహారం సమృద్ధిగా దొరుకుతుంది, తరాలు వృద్ధి చెందుతాయి. రెండూ కాలంతో పాటు నడుస్తున్నాయి. చలి పెరిగినందువల్లనే పురుగు పెరిగిందని దీని నుంచి తేల్చరాదు. రెండు అక్షాల చిత్రం ఈ తొందరపాటును ప్రోత్సహిస్తుంది.

5. రెండు అక్షాలు తగిన సందర్భాలు

రెండవ అక్షాన్ని పూర్తిగా నిషేధించనక్కరలేదు. రెండు కొలతల మధ్య మార్పిడి సూత్రం స్థిరంగా ఉంటే అది ఉపయోగకరమే.

మొదటి సందర్భం, ఒకే రాశిని రెండు ప్రమాణాలలో చూపడం. మన రైతులు దిగుబడిని ఎకరాకు క్వింటాళ్లలో చెప్పుకుంటారు. పరిశోధన పత్రాలు హెక్టారుకు కిలోలలో రాస్తాయి. ఒక హెక్టారు సుమారు 2.47 ఎకరాలు కనుక ఎకరాకు 10 క్వింటాళ్లు అంటే హెక్టారుకు సుమారు 2,470 కిలోలు. ఎడమ అక్షంపై ఒకటి, కుడి అక్షంపై మరొకటి గుర్తించినా గీసేది ఒకే గీత. ఇందులో భ్రమకు తావు లేదు.

రెండవ సందర్భం, శాస్త్రీయమైన ఊహను ఆధారం చేసుకొని నిష్పత్తిని ముందే నిర్ణయించడం. జర్మన్ వృక్షావరణ శాస్త్రవేత్తలు హైన్రిష్ వాల్టర్, హెల్ముట్ లీత్ ప్రచారంలోకి తెచ్చిన వాతావరణ చిత్రం దీనికి చక్కని ఉదాహరణ. అందులో 10 డిగ్రీల సగటు ఉష్ణోగ్రత ఎత్తూ, 20 మి.మీ. నెలవారీ వర్షపాతం ఎత్తూ ఎల్లప్పుడూ సమానం. నెల వర్షపాతం మి.మీ.లలో సగటు ఉష్ణోగ్రతకు రెట్టింపు కంటే తక్కువైతే అది పొడి నెల అని బాన్యూల్స్, గోసెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1953లో ప్రతిపాదించిన నియమం దీనికి మూలం. 30 డిగ్రీల సగటు ఉష్ణోగ్రత గల నెలలో వర్షపాతం 60 మి.మీ.కు తగ్గితే వర్షపు గీత ఉష్ణోగ్రత గీతకు దిగువన ఉంటుంది. ఆ మధ్య భాగం పొడి కాలాన్ని సూచిస్తుంది. వర్షపాతం 100 మి.మీ. దాటిన తరువాత కొలమానాన్ని పదో వంతుకు కుదించి, ఆ భాగాన్ని వేరుగా నింపి చూపుతారు. ఇక్కడ ఖండన బిందువుకు అర్థం ఉన్నది, ఎందుకంటే అక్షాల నిష్పత్తిని గీసేవారి ఇష్టానికి వదలలేదు. నల్లరేగడి నేల నిల్వచేసే తేమను గానీ, సాగునీటిని గానీ ఈ నియమం లెక్కలోకి తీసుకోదు. అందువల్ల దీనిని ప్రాంతాల వాతావరణాన్ని పోల్చడానికి వాడాలి గాని, పొలంలో తడి పెట్టే తేదీని నిర్ణయించడానికి కాదు.

6. విలువలను ప్రమాణరహితంగా మార్చడం

వేర్వేరు కొలతలను ఒకే కొలమానంలోకి తెచ్చిన తరువాత ఒకే అక్షంపై గీయడం మూడవ మార్గం. ఇందులో నాలుగు పద్ధతులు తరచుగా వాడుకలో ఉన్నాయి.

కనిష్ఠ–గరిష్ఠ పద్ధతి: వరుసలోని అతి తక్కువ విలువను 0గాను, అతి ఎక్కువ విలువను 100గాను తీసుకుంటారు. మన పట్టికలో 2 పురుగులు 0 అవుతాయి, 12 పురుగులు 100 అవుతాయి. పొరుగు గ్రామంలో అవే వారాలలో 0.2, 0.3, 0.5, 0.7, 0.9, 1.2 పురుగులు నమోదైతే ఆ గీత కూడా అచ్చం ఇలాగే వస్తుంది. ఒక ఊరిలో పిచికారీ అవసరం, రెండవ ఊరిలో అసలు అవసరం లేదు. డ్యాష్‌బోర్డు మాత్రం రెండింటికీ ఒకే బొమ్మను చూపుతుంది. పైగా 46వ వారంలో సగటు 20కి చేరితే, నిన్నటి దాకా 100గా ఉన్న 45వ వారపు విలువ దాదాపు 56కు పడిపోతుంది. కొత్త అంకె చేరినప్పుడల్లా పాత అంకెలు మారిపోయే చిత్రం నిఘాకు పనికిరాదు. ఈ పద్ధతిని వాడవలసి వస్తే హద్దులను దీర్ఘకాల రికార్డు నుంచి తీసి స్థిరపరచాలి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా కోగన్ రూపొందించిన వృక్షస్థితి సూచీ చేసేది ఇదే. ఒక ప్రదేశంలో అదే కాలానికి అనేక సంవత్సరాలలో నమోదైన కనిష్ఠ, గరిష్ఠ పచ్చదనపు విలువల మధ్య ఈ ఏటి విలువ ఎక్కడ ఉన్నదో అది చెబుతుంది.

ప్రామాణిక విచలన పద్ధతి: విలువ నుంచి సగటును తీసివేసి ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. ఉష్ణోగ్రత వంటి కొలతలకు ఇది బాగానే పనిచేస్తుంది. వారపు వర్షపాతం విషయంలో తప్పుదారి పట్టిస్తుంది. మన పట్టికలో వర్షపాతం సగటు 14 మి.మీ., మధ్యగతం 2 మి.మీ. మాత్రమే, ప్రామాణిక విచలనం సుమారు 24.5. కాబట్టి చినుకైనా పడని వారం విలువ −0.57 అవుతుంది. పూర్తిగా పొడిగా గడిచిన వారం సగటుకు కొద్దిగా దిగువన ఉన్నట్టు కనిపిస్తుంది, అంతకంటే కిందికి దిగే వీలే లేదు. ఈ ఇబ్బందిని తప్పించడానికే ప్రామాణిక వర్షపాత సూచీలో ముందుగా వర్షపాతానికి గామా వంటి విభాజనాన్ని అమర్చి, ఆ తరువాత సాధారణ విభాజనంలోకి మారుస్తారు. దీనికి దీర్ఘకాలపు రికార్డు అవసరం. ఆరు వారాల అంకెలతో చేయదగినది కాదు.

ఆధార సూచీ, సాధారణంతో పోలిక: మొదటి వారాన్ని 100గా తీసుకుంటే 45వ వారంలో పురుగుల సూచీ 600. ఆధార వారంలో విలువ సున్నా అయితే ఈ లెక్క కుదరదు. సెల్సియస్ ఉష్ణోగ్రతకు నిష్పత్తి అర్థం లేనిది కనుక దానికి వర్తించదు. వర్షపాతాన్ని ఆ కాలపు సాధారణ వర్షపాతంతో పోల్చడం ఇంతకంటే మేలు. వాతావరణ శాఖ −19 నుంచి +19 శాతం వరకు సాధారణమనీ, −20 నుంచి −59 వరకు లోటు అనీ, −60 లేదా అంతకంటే తక్కువైతే తీవ్ర లోటు అనీ వర్గీకరిస్తుంది. అయితే సాధారణ వర్షపాతమే 2 మి.మీ. ఉన్న వారంలో 4 మి.మీ. కురిస్తే 100 శాతం అధికమని వస్తుంది; పంటకు దానివల్ల ఒరిగేది లేదు. శాతంతో పాటు మి.మీ. విలువను కూడా చూపాలి.

నిర్ణయ పరిమితితో నిష్పత్తి: ప్రతి కొలతను దానికి సంబంధించిన పరిమితితో భాగిస్తే, ఆ పరిమితి వద్ద అన్నింటికీ 1 అనే ఒకే గీత వస్తుంది. పురుగుల సంఖ్యను 8తో భాగిస్తే 43వ వారం 0.88, 44వ వారం 1.13 అవుతుంది. భూసార పరీక్ష ఫలితాలకు ఈ పద్ధతి ప్రత్యేకంగా అనువైనది. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు వేర్వేరు ప్రమాణాలలో ఉంటాయి. లభ్య నత్రజనికి హెక్టారుకు 280 కిలోలు, సేంద్రియ కర్బనానికి 0.5 శాతం, జింకుకు 0.6 పి.పి.ఎం., బోరానుకు 0.5 పి.పి.ఎం. అనే సాధారణంగా వాడే కనిష్ఠ పరిమితులను తీసుకుందాం. ఒక పొలంలో ఇవి వరుసగా 196, 0.40, 0.42, 0.75 ఉన్నాయనుకుంటే నిష్పత్తులు 0.7, 0.8, 0.7, 1.5. నాలుగు కమ్మీలు, 1 వద్ద ఒక నిలువు గీత. బోరాను సరిపడా ఉన్నదనీ తక్కిన మూడూ కొరవడ్డాయనీ రైతుకు వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఉదజని సూచిక అటు ఎక్కువైనా ఇటు తక్కువైనా ఇబ్బందే. దానిని ఒకే పరిమితితో భాగించరాదు, తటస్థ పరిధిని ఒక పట్టీగా చూపి అందులో పొలం విలువను గుర్తించాలి. నేలలో లవణాల పరిమాణం పెరిగేకొద్దీ నష్టం. పోషకాలలో తగ్గేకొద్దీ నష్టం. దిశ వేరైన కొలతలను ఒకే వరుస కమ్మీలలో కలపకూడదు.

7. ఒకే కాలాక్షం కింద వేర్వేరు ఫలకాలు

రేఖాచిత్రాలను మనిషి కన్ను ఎలా చదువుతుందన్న విషయంపై క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో ఒక ఉమ్మడి కొలమానంపై గల స్థానాలను పోల్చడంలో పొరపాటు అతి తక్కువగా ఉంటుందని తేలింది. పొడవు, కోణం, వైశాల్యం, రంగుల ఛాయలను పోల్చడం అంతకంటే కష్టం. దీన్ని బట్టి ప్రతి కొలతకూ దాని స్వంత నిలువు అక్షాన్ని ఇచ్చి, కాలాన్ని మాత్రం అన్నింటికీ ఉమ్మడి అడ్డం అక్షంగా ఉంచడం సముచితం. వర్షపాతం పై ఫలకంలో కమ్మీలుగా, ఉష్ణోగ్రత రెండవ ఫలకంలో గీతగా, తేమ మూడవ ఫలకంలో, పురుగుల సంఖ్య అడుగున. ఒకే తేదీ అన్ని ఫలకాలలోనూ ఒకే నిలువు రేఖపై ఉంటుంది. వాన తెరపి ఇచ్చిన నాటి నుంచి పురుగు ఎలా కదిలిందో పైనుంచి కిందికి చూపు జార్చి తెలుసుకోవచ్చు. ఏ రెండు గీతలూ ఒకదానినొకటి ఖండించవు కనుక ఖండన బిందువు కల్పించే అపోహ ఉండదు.

ఈ పద్ధతికి స్థలం ఎక్కువ కావాలన్న అభ్యంతరం ఉన్నది. ప్రతి ఫలకం ఎత్తు తక్కువైనా వెడల్పు సమానంగా ఉంటే చాలు. నిర్ణయానికి నేరుగా ఆధారమయ్యే ఫలకానికి మిగిలిన వాటికంటే రెట్టింపు ఎత్తు ఇవ్వవచ్చు. సెల్‌ఫోను తెరపై నాలుగు ఫలకాలు ఇరుకైతే నిర్ణయానికి పనికిరాని వాటిని తొలగించాలి గాని, అన్నింటినీ ఒకే చట్రంలో కుక్కరాదు.

8. పత్తి నిఘా డ్యాష్‌బోర్డుకు అన్వయం

ఇంతవరకు వారపు సగటులతోనే నడిచాము. పురుగు విషయంలో ఆ సగటును కూడా ప్రశ్నించవలసి ఉన్నది. పట్టిక 1 లో 43వ వారం సగటు 7. అది 8కి లోపే ఉన్నది. ఆ వారం రోజువారీ లెక్కలు అక్టోబరు 22 నుంచి 28 వరకు వరుసగా 4, 5, 5, 8, 9, 9, 9 అనుకుందాం. మొత్తం 49, సగటు 7. కాని 25, 26, 27 తేదీలలో వరుసగా మూడు రోజులు 8 లేదా అంతకంటే ఎక్కువ నమోదైనందున అక్టోబరు 27నే ఆర్థిక నష్ట పరిమితి చేరింది. వారపు సగటును మాత్రమే చూపే డ్యాష్‌బోర్డులో పరిమితి దాటినట్టు తెలిసేది 44వ వారం ముగిసే నవంబరు 4న. ఎనిమిది రోజుల జాప్యం. గుడ్డు నుంచి వెలువడిన లార్వా కొద్ది సమయంలోనే మొగ్గలోకో కాయలోకో చొచ్చుకుపోతుంది. లోపలికి చేరిన పురుగుకు మందు తగలదు. ఈ జాప్యానికి కారణం దత్తాంశం లేకపోవడం కాదు. వాతావరణపు వారానికి పొంతన కుదరడం కోసం పురుగుల లెక్కను కూడా వారానికి సగటు చేయడమే.

కాబట్టి పత్తి నిఘా చిత్రాన్ని ఈ విధంగా రూపొందించవచ్చు. అన్ని ఫలకాలకూ అడ్డం అక్షం రోజులలో ఉండాలి. పురుగుల ఫలకం అడుగున, అన్నింటికంటే ఎత్తుగా ఉండాలి. అందులో రోజువారీ విలువలు చుక్కలుగాను, 8 వద్ద పరిమితి గీతగాను కనిపించాలి. వరుసగా మూడు రోజులు పరిమితిని తాకిన చోట నేపథ్యపు రంగు మారాలి. పైన వర్షపాతపు ఫలకం పిచికారీకి అనువైన తెరపిని చూపుతుంది. 10 శాతం పూలు లేదా పచ్చి కాయలు దెబ్బతినడం కూడా చర్య తీసుకోవలసిన స్థాయే కనుక, పొలంలో చేసిన కాయల పరిశీలనను వేరే ఫలకంలో 10 శాతం గీతతో చూపాలి. ఉదయపు తేమ ఈ నిర్ణయానికి నేరుగా ఆధారం కాదు కనుక దానిని తెగుళ్లకు సంబంధించిన వేరే పుటకు మార్చవచ్చు.

పేర్లు ప్రమాణంతో సహా తెలుగులో, గీత పక్కనే ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరి కంటికి తెలియదు. అందువల్ల హెచ్చరికను రంగుతో పాటు గుర్తుతోనో మాటతోనో కూడా తెలపాలి. బుట్టలు లెక్కించని రోజును సున్నాగా చూపరాదు, ఖాళీగా వదలాలి.

పట్టిక 2. ప్రశ్నను బట్టి చిత్రం ఎంపిక

| అడిగే ప్రశ్న | తగిన విధానం |
|---|---|
| ఒకే రాశిని రెండు ప్రమాణాలలో చూపాలా? | ఒకే గీత, రెండు అక్షాలు |
| రెండింటి మధ్య స్థిరమైన శాస్త్రీయ నిష్పత్తి ఉన్నదా? | నిష్పత్తిని స్థిరపరచిన రెండు అక్షాలు |
| ఒకటి మరొకదానికి ఎన్నింతలు? | నిష్పత్తినే ఒక గీతగా గీయడం |
| ఏవి పరిమితిని దాటాయి? | పరిమితితో నిష్పత్తి, 1 వద్ద గీత |
| ఈ ఏడు మామూలుకు ఎంత భిన్నం? | దీర్ఘకాల రికార్డు ఆధారిత సూచీ |
| కాలంతో పాటు ఏవి ఎలా కదిలాయి? | ఉమ్మడి కాలాక్షంతో ఫలకాలు |

9. విద్యార్థులకు అభ్యాసం

పట్టిక 1 లోని అంకెలతో కింది పనులు చేయండి. (అ) నాలుగవ భాగంలో చెప్పిన మూడు చిత్రాలను గ్రాఫు కాగితంపై గీసి, ఒక్కొక్కదాన్ని వేర్వేరు సహాధ్యాయులకు చూపండి. పురుగు ఉద్ధృతి ఎప్పుడు పెరిగిందని వారు భావిస్తున్నారో రాసుకొని పోల్చండి. (ఆ) తేమను, వర్షపాతాన్ని కనిష్ఠ–గరిష్ఠ పద్ధతిలో మార్చి గీయండి; 46వ వారంలో 90 మి.మీ. వాన పడితే వర్షపు గీత ఎలా మారుతుందో చూడండి. (ఇ) సగటు 7 వచ్చే విధంగా ఏడు రోజుల పురుగుల లెక్కలను రెండు రకాలుగా కూర్చండి: ఒకదానిలో ఆర్థిక నష్ట పరిమితి చేరాలి, మరొకదానిలో చేరకూడదు. (ఈ) మీ మండలంలోని ఒక సాయిల్ హెల్త్ కార్డును తీసుకొని, ఏ అంశాలను పరిమితితో నిష్పత్తిగా చూపవచ్చో, వేటికి పరిధి పట్టీ అవసరమో వేరు చేయండి.

10. ముగింపు

భిన్న ప్రమాణాల కొలతలను ఒకచోట చేర్చడమంటే వాటి మధ్య ఒక సంబంధాన్ని ప్రతిపాదించడమే. ఆ సంబంధం వాల్టర్–లీత్ చిత్రంలో వలె ముందే నిర్ణయమై ఉంటే రెండు అక్షాలు చాలు. నష్ట పరిమితి వంటి ఉమ్మడి కొలబద్ద ఉంటే దానితో భాగించి ఒకే అక్షంపై గీయవచ్చు. ఈ రెండూ లేనప్పుడు కాలమే ఆ కొలతలకు గల ఏకైక ఉమ్మడి అంశం. కనుక కాలాక్షాన్ని మాత్రమే ఉమ్మడిగా ఉంచి ఫలకాలుగా పేర్చాలి. ఏ పద్ధతిని ఎంచుకున్నా, మార్చిన విలువల పక్కన అసలు విలువలు, ప్రమాణాలు కనిపించాలి. నిర్ణయ నియమం రోజులలో ఉంటే దత్తాంశం కూడా రోజులలోనే ఉండాలి. సలహా పత్రంలో రేఖాచిత్రాన్ని చేర్చే ముందు శాస్త్రవేత్త తనను తాను ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది: ఈ అక్షం పరిధిని మార్చితే రైతుకు నేను ఇచ్చే సలహా మారుతుందా? మారేటట్టయితే ఆ చిత్రాన్ని మళ్లీ గీయవలసిందే.